పోలియో చుక్కలు: విడవలూరు తీరం నుంచి కరాచీ దాకా ఒక సేవా క్లబ్బు పని

నెల్లూరు జిల్లాలో పెన్న సముద్రంలో కలిసే చోటికి ఉత్తరపు ఒడ్డున ఉన్న మండలం విడవలూరు. పుచ్చలపల్లి సుందరయ్య పుట్టిన అలగానిపాడు ఈ మండలంలోదే. వరి పొలాలు, రొయ్యల గుంటలు, సముద్రం అంచున మత్స్యకారుల పాళేలు. ఇలాంటి ఊళ్లలో 'పోలియో ఆదివారం' అంటే తెలియని తల్లి ఉండదు. బడి దగ్గరో, అంగన్‌వాడీలోనో, బస్టాండులోనో ఒక బల్ల, దాని మీద ఐస్ పెట్టిన డబ్బా, పిల్లకాయల నోట్లో రెండు చుక్కలు, ఎడమచేతి చిటికెన వేలి మీద నల్ల గుర్తు. అంతే పని. ఆ బూత్ దగ్గర కట్టిన బ్యానర్ మీద పళ్ల చక్రం గుర్తు చాలామంది చూసే ఉంటారు గానీ అదేమిటని అడిగినవాళ్లు తక్కువ. అది రోటరీ క్లబ్బు గుర్తు.

రోటరీ ప్రభుత్వ శాఖా కాదు, మత సంస్థా కాదు. 1905లో అమెరికాలోని షికాగోలో పాల్ హారిస్ అనే వకీలు మరి ముగ్గురితో కలిసి మొదలుపెట్టిన క్లబ్బు. మన దేశంలోకి 1919లో కలకత్తా ద్వారా వచ్చింది. ఊళ్లోని డాక్టర్లు, వ్యాపారులు, వకీళ్లు, పంతుళ్లు వారానికోసారి కలుస్తారు, చందా వేసుకుని ఏదో ఒక సేవ చేస్తారు. కంటి శిబిరాలు, రక్తదానం, బడికి బల్లలు, ఇలాంటివే. పోలియో విషయంలో మాత్రం ఈ చిన్న చిన్న క్లబ్బులన్నీ కలిసి ఒకే పని నలభై ఏళ్లకు పైగా వదలకుండా పట్టుకున్నాయి. అందుకే దీని గురించి వివరంగా చెప్పుకోవాలి.

మొదలు ఫిలిప్పీన్స్‌లో. 1979లో అక్కడ అరవై లక్షల మంది పిల్లలకు చుక్కలు వేయించే బాధ్యత రోటరీ తీసుకుంది. అది నడిచింది. దాంతో 1985లో 'పోలియో ప్లస్' పేరుతో ప్రపంచమంతటికీ ఈ పని విస్తరించాలని నిర్ణయించారు. 12 కోట్ల డాలర్లు పోగు చేయాలనుకుంటే 1988 నాటికి 24 కోట్ల 70 లక్షలు వచ్చాయి. ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్య సభ పోలియోను నిర్మూలించాలని తీర్మానం చేసింది. అప్పటికి 125 దేశాల్లో ఏటా సుమారు మూడున్నర లక్షల మంది పిల్లలు పోలియో బారిన పడుతున్నారు. లెక్క వేస్తే రోజుకు దాదాపు వెయ్యి మంది.

ఊరి క్లబ్బు ఇచ్చే డబ్బు ఎక్కడికి పోతుందని అడిగేవాళ్లుంటారు. ఆ నిధి అంతర్జాతీయ ఖాతాలో చేరుతుంది, అక్కడి నుంచి టీకా పని సాగే దేశాలకు వెళుతుంది. రోటరీ ఏటా పోగుచేసే 5 కోట్ల డాలర్లకు గేట్స్ ఫౌండేషన్ దానికి రెట్టింపు కలుపుతోంది. అంటే కోస్తాలోని ఒక చిన్న క్లబ్బు పంపిన వంద రూపాయలు మూడొందలై పాకిస్తాన్‌లోనో ఆఫ్రికాలోనో చుక్కలు వేసే కార్యకర్త దారి ఖర్చుకు పనికి రావచ్చు.

మన దేశంలో 1994లో ఢిల్లీలో, 1995 నుంచి దేశమంతటా పల్స్ పోలియో మొదలైంది. ఒక్కో విడతలో 17 కోట్ల మంది పిల్లలు, 20 లక్షలకు పైగా కార్యకర్తలు. అయినా 2009లో ప్రపంచంలో 1,604 కేసులు నమోదైతే అందులో 741 మనవే. ఎక్కువగా ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో. కారణం టీకా కొరత కాదు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని ముస్లిం మొహల్లాల్లో, ఇతర పేద వాడల్లో కూడా, చుక్కలు వేస్తే మగపిల్లలకు సంతానం కలగదనే పుకారు పాకింది. దాన్ని ఉత్త మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలిక. కానీ ఎమర్జెన్సీ రోజుల్లో బలవంతంగా జరిగిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఆ జనానికి ఇంకా గుర్తున్నాయి. పైగా ఆ బస్తీల్లో మురుగు కాలువ లేదు, మంచినీళ్లు లేవు, ఆసుపత్రిలో డాక్టరు ఉండడు. ఏ మందూ ఇవ్వనివాళ్లు ఈ చుక్కలు మాత్రం నెలనెలా ఇంటికొచ్చి ఎందుకు వేస్తున్నారని తల్లులు అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే.

జవాబు పోలీసులతో రాలేదు, మాటలతో వచ్చింది. రోటరీ ఉలమాతో కమిటీ వేసింది. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ, జామియా మిల్లియా, జామియా హమ్‌దర్ద్ వంటి సంస్థలు కలిసి వచ్చాయి. మస్జిద్‌లలో జుమా నమాజు తర్వాత ఇమాములు ప్రకటనలు చేశారు. ఇళ్లకు వెళ్లడానికి ఆ వీధి ఆడవాళ్లనే కార్యకర్తలుగా తీసుకున్నారు. కరపత్రాలు ఉర్దూలో అచ్చయ్యాయి. తర్వాత అత్యంత వెనకబడిన 107 బ్లాకులను ఎంచుకుని చుక్కలతో పాటు అతిసారం, మరుగుదొడ్డి, తల్లిపాల గురించి కూడా చెప్పడం మొదలుపెట్టారు. తల్లుల ప్రశ్నకు ఆలస్యంగానైనా దొరికిన జవాబు ఇది.

2010లో కేసులు 42కు పడిపోయాయి. 2011 జనవరి 13న పశ్చిమబెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక పాపకు వచ్చినదే దేశంలో ఆఖరి కేసు. ఆ పాపకు చుక్కలు పడలేదు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది.

విదేశాల్లో కథ ఇంత సాఫీగా లేదు. 2003లో నైజీరియాలోని కానో రాష్ట్రం చుక్కలను ఆపేసింది. అక్కడా అదే సంతానం పుకారు. దాదాపు ఏడాది పాటు ఆగిన ఆ పని వల్ల వైరస్ సుమారు 20 దేశాలకు పాకింది. చివరికి ముస్లిం దేశమైన ఇండోనేషియాలో తయారైన టీకా తెప్పించుకుంటామన్న ఒప్పందంతో పని మళ్లీ సాగింది. ఆఫ్రికా ఖండం సహజ పోలియో వైరస్ నుంచి బయటపడిందని 2020 ఆగస్టు 25న ప్రకటించారు.

పాకిస్తాన్‌లో మరో రకం దెబ్బ తగిలింది. 2011లో ఒసామా బిన్ లాదెన్ ఆచూకీ కోసం అబోటాబాద్‌లో అమెరికా గూఢచారి సంస్థ టీకా కార్యక్రమం ముసుగు వాడింది. అది పోలియో చుక్కల కార్యక్రమం కాదు, హెపటైటిస్ టీకా. జనానికి ఆ తేడా ఎవరు చెబుతారు? ఆ తర్వాత చుక్కలు వేసే ఆడవాళ్ల మీదే తుపాకులు పేలాయి. 2012 డిసెంబరులో కరాచీ, పెషావర్ ప్రాంతాల్లో వరసగా కార్యకర్తలను చంపారు. 2014లో అక్కడ 306 కేసులు వచ్చాయి. 2021లో ఒక్కటికి తగ్గి, 2024లో మళ్లీ 74కు పెరిగింది. ఆఫ్ఘానిస్తాన్‌లో ఆ ఏడాది 25. సహజ పోలియో వైరస్ ఇంకా వదలని దేశాలు ఈ రెండే. వేరే దేశం గూఢచారులు ఆడిన ఆటకు తమ ఊళ్లోనే రోజుకూలికి తిరిగే కార్యకర్త ప్రాణం ఇవ్వాల్సి రావడం ఈ చరిత్రలోకెల్లా చేదు నిజం.

మన రోటరీ సభ్యులు కూడా విదేశాలకు వెళ్లారు. రోటరీ అంతర్జాతీయ అధ్యక్షుడిగా 1991-92లో పనిచేసిన చండీగఢ్ వాసి రాజేంద్ర సాబూ చొరవతో 1998లో భారతీయ డాక్టర్ల బృందం ఉగాండా వెళ్లి ఆపరేషన్లు చేసింది. తర్వాత మరిన్ని ఆఫ్రికా దేశాలకు ఇలాంటి బృందాలు వెళ్లాయి. ఒకప్పుడు సాయం అందుకున్న దేశం నుంచి సాయం వెళ్లడం అప్పట్లో కొత్త సంగతి.

కేసులు లేవు కదా, ఇంకా చుక్కలెందుకు అని తీరంలోనూ కొందరు అడుగుతున్నారు. వైరస్‌కు పాస్‌పోర్టు అక్కర్లేదు. 2016లో హైదరాబాద్ మురుగునీటిలో టీకా నుంచి మారిన టైప్-2 వైరస్ కనబడితే, ఎవరికీ జబ్బు రాకపోయినా, ఆ జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు మూడు లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ వేశారు. హజ్‌కు వెళ్లే మన యాత్రికులకు శిబిరంలో మెనింజైటిస్ టీకాతో పాటు పోలియో చుక్కలు వేసేది కూడా ఇందుకే. లక్షలాది మంది అన్ని దేశాల నుంచి ఒకచోట చేరతారు.

ఊళ్లో తప్పిపోయే పిల్లలెవరో కూడా తెలిసిందే. ఇటుక బట్టీల దగ్గరికి వలస వచ్చినవాళ్లు, రొయ్యల గుంటల కాపలా కుటుంబాలు, వేటకు పోతూ పాళెం మారే ఇళ్లు, ఊరి చివర యానాదుల గుడిసెలు. బూత్ తర్వాతి రోజుల్లో ఇంటింటికీ తిరిగేవాళ్లు పిల్లలందరికీ పడిన ఇంటి గోడ మీద 'పి' అనీ, ఎవరైనా మిగిలితే 'ఎక్స్' అనీ సుద్దతో రాస్తారు. ఎక్స్ ఉన్న ఇంటికి మళ్లీ వెళ్లాల్సిందే.

తల్లిదండ్రులు చూసుకోవలసినవి కొన్నే. పుట్టగానే ఒకసారి, తర్వాత 6, 10, 14 వారాలకు, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకోసారి చుక్కలు. వీటితో పాటు 6, 14 వారాలకు, 2023 నుంచి 9వ నెలలో కూడా, చర్మంలో వేసే పోలియో ఇంజెక్షన్ ఉంది. ఇవన్నీ వేయించినా పోలియో ఆదివారం చుక్కలు అదనంగా వేయించాలి. అయిదేళ్ల లోపు పిల్లలందరికీ అవి పడాలి. చిన్న జలుబు, కాస్త జ్వరం ఉన్నా వేయించవచ్చు. సీసా మీద గుండ్రటి గుర్తులో ఒక చదరం ఉంటుంది. ఆ చదరం చుట్టూ ఉన్న రంగు కన్నా లేతగా ఉంటే మందు బాగున్నట్టు. అంత ముదురుగా గానీ, ఇంకా ముదురుగా గానీ మారితే వేడికి పాడైనట్టు, వాడకూడదు. ఆ గుర్తు చూపించమని బూత్‌లో ఎవరైనా అడగొచ్చు, కార్యకర్తలు చూపిస్తారు.