ఆముదం జన్యువు చెప్పిన పాఠం

మన వంటనూనెల్లో ఎక్కువగా కనిపించే కొవ్వు ఆమ్లాలు నాలుగైదు మాత్రమే. కానీ మొక్కలు తయారుచేసే కొవ్వు ఆమ్లాలు కొన్ని వందలు. వాటిలో అరుదైనది రిసినోలియిక్ ఆమ్లం. ఆముదంలో ఇది సుమారు 90 శాతం ఉంటుంది. దీని అణువులో అదనంగా ఉండే హైడ్రాక్సిల్ సమూహం వల్లనే ఆముదానికి ఆ చిక్కదనం వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో విమాన ఇంజన్లకు దీనిని కందెనగా వాడారు. గ్రీజు, రంగులు, నైలాన్-11 తయారీకి నేటికీ ఇది అవసరం.

అయితే ఆముదం గింజలో రిసిన్ అనే ప్రాణాంతకమైన విషం ఉంది. ఈ ఆమ్లాన్ని విషం లేని మరో నూనెగింజలో తయారుచేయలేమా? శాస్త్రజ్ఞులకు ఈ ఆశ కలగడానికి కారణం ఉంది. కాలిఫోర్నియా బే చెట్టు జన్యువు సాయంతో మొక్క గింజల్లో లారిక్ ఆమ్లాన్ని తయారుచేయవచ్చని కాల్జీన్ సంస్థ పరిశోధకులు 1992లో నిరూపించారు. సబ్బులకు పనికివచ్చే ఈ ఆమ్లం సహజంగా కొబ్బరి నూనెలో ఉంటుంది. 1995 నాటికి ఆ జన్యువు గల కనోలా అమెరికా పొలాలకు చేరింది.

అదే 1995లో క్రిస్ సోమర్‌విల్ బృందం ఆముదం నుంచి హైడ్రాక్సిలేజ్ జన్యువును వేరుచేసింది. దానిని ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ప్రవేశపెట్టారు. కానీ దాని గింజల నూనెలో కొత్త ఆమ్లాలు 17 శాతం దగ్గరే ఆగిపోయాయి!

కారణమేమిటి? ఈ ఆమ్లం కణత్వచపు కొవ్వులో తయారవుతుంది. అక్కడినుంచి దానిని విడదీసి నూనెలోకి చేర్చడానికి వేరే ఎంజైములు కావాలి. ఆముదంలో ఆ ఎంజైములు ఈ పనికి అలవాటుపడినవి, అరబిడాప్సిస్‌వి కావు. 2008లో ఆముదానికే చెందిన మరో జన్యువును జతచేయగా ఆ పరిమాణం దాదాపు 30 శాతానికి పెరిగింది. అయినా 90 శాతానికి అది చాలా దూరం.

ఈ చరిత్రతో మనకూ సంబంధం ఉంది. ప్రపంచంలో ఆముదం అత్యధికంగా పండించే దేశం మనదే. గుజరాత్‌ది అగ్రస్థానం. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతాల మెట్ట రైతులకూ ఇది పాత పంటే. ప్రయోగశాలలో ఈ ఆమ్లం చౌకగా తయారై ఉంటే, ఆ పోటీ భారం వీరిపైనే పడేది. అయితే ప్రయోగం ఫలించినంత మాత్రాన మార్కెట్ దక్కదు. లారిక్ కనోలా కూడా కొబ్బరి, పామ్ గింజల నూనెల ధరలతో పోటీపడలేక నిలవలేదు.

జన్యువు ఒక్కటే పంటను మార్చదు. దాని వెంట కణంలోని యంత్రాంగమంతా కదలాలి. శాస్త్రజ్ఞులు ఇప్పటికీ నేర్చుకుంటున్న పాఠం ఇదే.