గండికోటలో ఒకనాటి నడక



నందిదుర్గపు కొండలలో పుట్టిన పెన్నానది తూర్పు సముద్రమునకు పోవు త్రోవలో ఎఱ్ఱమల కొండలు అడ్డుపడినవి. నది ఆ కొండను చుట్టిపోలేదు, కోసికొని పోయినది. ఆ కోతనే మనవారు గండి యనిరి. దాని యొడ్డున కట్టిన కోట గనుక గండికోట యైనది. కడప జిల్లాలో జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్నది. లోయ ఇంచుమించు 300 అడుగుల లోతు. ఇరుప్రక్కల ఎఱ్ఱని రాళ్లు, ఎవరో పలకలు చెక్కి ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచియున్నవి. ఆ రాయి ఒకప్పటి యిసుకయే. నూఱు కోట్ల యేండ్లకు మించిన కాలము క్రిందట పేరుకొని గట్టిపడినది. అందులోని ఇనుము తుప్పుపట్టుటచేతనే దాని కా యెఱుపు వచ్చినది.

అఱువది దాటినవారు ఒక్క పగటిలో శ్రమ లేక దీనిని చూచి వచ్చుట యెట్లో నేడు విన్నవించెదను. నేను బడిపంతులుగా నున్న దినములలో ముప్పదిమంది పిల్లలను వెంటబెట్టుకొని ఫాల్గుణమాసమున అక్కడికి పోయితిని. కోట ద్వారము చేరునప్పటికే పదిగంటలు దాటినది. మాకున్న నీరు రెండు బిందెలు. పెమ్మసానివారి పరాక్రమమును వర్ణించుచు నేను ముందు నడచుచుండగా, మసీదు మెట్లయొద్ద ఒక పిల్లవాడు కన్నులు తిరిగి పడిపోయినాడు. మేకలు కాయు ముసలివా డొకడు తన డబ్బాలోని నీళ్లు వాని ముఖమున చల్లి త్రాగించినాడు. బిందెలు అప్పటికే ఖాళీ. చరిత్ర చెప్పవచ్చినవాడు నీటి సంగతి మఱచిన తప్పు నాదే.

కనుక కార్తికము మొదలు మాఘము వఱకే పోవలయును. ముద్దనూరు రైలుస్టేషనులో దిగువారైనను, జమ్మలమడుగునుండి వచ్చువారైనను తెల్లవాఱకముందే బయలుదేరవలెను. మనిషికి రెండు మూడు లీటర్ల నీరు, పెరుగన్నమో చద్దిరొట్టెయో, తలకు గుడ్డ, చేతికి కఱ్ఱ. జాఱు చెప్పులు పనికిరావు.

ద్వారమువద్ద నిలిచి కోట పుట్టుక తలచుకొనవచ్చును. ఆహవమల్ల సోమేశ్వరుని సామంతుడైన కాకరాజు 1123లో దీనిని కట్టించెనని వాడుక. ముప్పదియేండ్లు నేనును పిల్లలచేత ఇదే వల్లె వేయించితిని. విశ్రాంతి తీసికొన్న పిదప కల్యాణి చాళుక్యుల చరిత్రను నెమ్మదిగా చదువగా తెలిసినదేమనగా, ఆహవమల్లుడు 1068లోనే తుంగభద్రలో మునిగి ప్రాణములు విడిచినాడు! చనిపోయిన యేబదియైదేండ్లకు రాజు సామంతునిచే కోట కట్టించునా? సంవత్సరమైనను తప్పు కావలెను, రాజైనను వేఱొకడు కావలెను. నాయొద్ద చదివినవారెవరైన వినుచున్నచో ఈ దిద్దుబాటు గమనింపుడు.

లోపల నేటికిని చిన్న పల్లె యున్నది. దానిని దాటి పోగా జామామసీదు, ప్రక్కనే గొప్ప ధాన్యపుకొట్టు, రంగనాథుని గుడి, ఆవల మాధవరాయల గుడి గోపురము. రెండు గర్భాలయములలోను నేడు మూర్తులు లేవు. విజయనగరపు రాయల కాలమునను, ఆ తరువాతను కోట పెమ్మసానివారి యేలుబడిలో నుండెను. కృష్ణదేవరాయల సేనలో పేరుగన్న రామలింగనాయడు ఆ వంశమువాడే. చినతిమ్మానాయని కాలమున గోలకొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకొనెను.

మసీదు వెనుకకు పోయి లోయ కనబడుచోట కూర్చుండుడు. 1652లో తావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు మీర్ జుమ్లాను చూడవచ్చినది ఈ కోటకే. గోలకొండ సుల్తానునకు చూపదలచిన సరకును ముందుగా ఈయనకు చూపవలసి యుండెను. మీర్ జుమ్లాయు పర్షియానుండి వచ్చి వజ్రపు వ్యాపారముతో పైకి వచ్చినవాడే, రత్నమనిన తెలిసినవాడు. కొలువులో నేలపై కూర్చుండి, చేతివ్రేళ్ల సందులలోను కాలివ్రేళ్ల సందులలోను ఉత్తరములు పెట్టుకొని, ఒక్కొక్కటి తీసి జవాబులు చెప్పి వ్రాయించుచుండెనట. మా బడిలో పరీక్షకాగితములు దిద్దునాడు నాకీ చిత్రము జ్ఞప్తికి వచ్చెడిది.

ఆ యాత్రికుడే మఱియొక సంగతి వ్రాసినాడు. ఫిరంగులు పోతపోయుటకై మీర్ జుమ్లా గుళ్లలోని రాగివిగ్రహములను తెప్పించి, మాయే అను ఫ్రెంచివానికి పని యప్పగించెను. కోటలోని గుడి విగ్రహములు కొన్ని ఎంత ప్రయత్నించినను కరగలేదట; తుదకు ఒక్క ఫిరంగియు సరిగా సిద్ధము కాలేదట. మహిమయని కొందఱు, పనివాని చేతకానితనమని కొందఱు అందురు. కొలిమి వేడి చాలకపోయెనని నా యూహ. ఏమైనను, ఇప్పటి ఖాళీ గర్భాలయమును చూచినప్పుడు ఆ రాగి యేమైనదో యని మనస్సు పోకమానదు.

లోయ యంచున అడ్డుగోడ లేదు. పలకలు కొన్ని పైకి గట్టిగా కనబడి క్రింద బోలుగా నుండును. రెండు బారల యెడము విడువుడు. ఫొటోలకై వెనుకకు నడచు మనుమలను చేయిపట్టి ఆపుడు. నదివఱకు దిగు ప్రయత్నము వలదు. పైనుండి చూచుటకే కన్నులు చాలవు. పదకొండు గంటలకెల్ల నీడకు చేరి, తిని, నడుము వాల్చుడు. నాలుగు దాటిన పిదప మరల అంచునకు రండు. అప్పుడు ఏటవాలు ఎండలో ఎదుటి రాయి కుంకుమ రంగునకు తిరుగును. తిరుగుబండి యెన్నింటికో ఉదయమే అడిగియుంచుకొనుడు.

నిరుడు పుష్యమాసమున నేను మరల పోయితిని. నాడు మసీదు మెట్లయొద్ద పడిపోయిన పిల్లవాడే తోడు వచ్చినాడు. ఇప్పుడు వానికి ఇద్దఱు బిడ్డలు. నీళ్లడబ్బా నేను మోసెదనన్నను వాడు ఇయ్యలేదు. "మీరు కథ చెప్పండి అయ్యవారూ, నీళ్లు నేను చూచుకొంటాను" అన్నాడు. 1123 సంగతి మొట్టమొదట వానికే చెప్పితిని.