సైరన్ మోగితే కిందికా, పైకా? పోలవరం బడి పిల్లలు తెలుసుకోవాల్సింది ఇదే

శత్రువు హఠాత్తుగా దాడి చేస్తే సైన్యం తన పని చేస్తుంది. మరి ఆ సమయంలో బడిలో ఉన్న పిల్లలు ఏం చేయాలి? 2025 మే 7న దేశవ్యాప్తంగా ‘ఆపరేషన్ అభ్యాస్’ పేరుతో మాక్ డ్రిల్ జరిగింది. మన రాష్ట్రంలో విశాఖపట్నం అందుకు వేదికైంది. ప్రజలకు, విద్యార్థులకు ఆత్మరక్షణ పద్ధతులు నేర్పాలని కేంద్ర హోం శాఖ అప్పట్లో రాష్ట్రాలకు సూచించింది.

ఇది యుద్ధ శిక్షణా?

కాదు. దీన్ని పౌర రక్షణ అంటారు. పౌర రక్షణ చట్టం 1968 నుంచి అమల్లో ఉంది. హైస్కూలు పిల్లలకు నేర్పేది సైరన్‌ను గుర్తించడం, లైట్లు ఆర్పడం, ప్రథమ చికిత్స, క్రమశిక్షణతో ఖాళీ చేయడం. ఎన్‌సీసీ జూనియర్ విభాగం వేరు. అందులో చేరడం స్వచ్ఛందం, చేరినవారు సైన్యంలోకి వెళ్లాలన్న నిబంధన లేదు.

గోదావరి జిల్లాలకు ఈ భయం కొత్తదా?

కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నంతో పాటు కాకినాడపైనా బాంబులు వేశాయి.

పోలవరానికి ప్రత్యేకంగా ఏమిటి?

ఊరికి ఎగువనే ప్రాజెక్టు ఉంది. పూర్తి స్థాయిలో నిండితే నిల్వ 194.6 టీఎంసీలు. 2023 జూన్ 6న ఉక్రెయిన్‌లో కఖోవ్కా డ్యామ్ కూలి దిగువ ఊళ్లు మునిగాయి. డ్యాములపై దాడిని నిషేధించే 1977 నాటి జెనీవా అదనపు ఒప్పందం అప్పటికే ఉన్నా ఆ ఊళ్లకు రక్షణ దొరకలేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. విమాన దాడి హెచ్చరిక వస్తే కింది అంతస్తులో, కిటికీలకు దూరంగా ఉండాలి. నీటి హెచ్చరిక వస్తే పైకి, ఎత్తయిన చోటికి వెళ్లాలి. ఒక డ్రిల్లే నేర్పితే రెండో ప్రమాదంలో పిల్లలు తప్పు దిక్కుకు పరుగెత్తుతారు.

ఏ సైరన్‌కు ఏం చేయాలి?

• ఎక్కుతూ తగ్గుతూ మోగితే: విమాన దాడి హెచ్చరిక. లోపలికి వెళ్లండి, లైట్లు ఆర్పండి, నేలపై బోర్లా పడుకుని చెవులు మూసుకోండి.
• ఒకే స్థాయిలో మోగితే: ప్రమాదం తప్పిందని అర్థం.
• నీటి హెచ్చరిక: ఏ శబ్దంతో, ఎవరి ద్వారా వస్తుందో బడిలో ముందే చెప్పి ఉంచాలి. వినగానే ముందుగా నిర్ణయించిన మెరకకు నడవాలి. పుస్తకాల సంచుల కోసం ఆగొద్దు.

తల్లిదండ్రులు ఏం అడగాలి?

డ్యామ్ భద్రతా చట్టం–2021 ప్రకారం కొత్త జలాశయాన్ని మొదటిసారి నింపే ముందే అత్యవసర కార్యాచరణ ప్రణాళిక సిద్ధం చేయాలి. అందులో మీ పిల్లల బడి ఉందా, ఏ మెరకకు, ఏ దారిన తీసుకెళ్తారు అని ప్రధానోపాధ్యాయుడిని, తహసీల్దారు కార్యాలయాన్ని అడగండి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అప్పుడు ఊళ్లో ఏ వీధి మునిగింది, ఏది మునగలేదు అన్నది పెద్దలకు తెలుసు. పిల్లలతో మ్యాపు గీయించడానికి అదే మొదటి పాఠం.

దాడి జరగకపోయినా ఈ శిక్షణ వృథా కాదు, ఏటా వచ్చే వరదకు పనికొస్తుంది. అత్యవసర సాయానికి 112కు ఫోన్ చేయండి.