బారోలో రుచి వెనుక కథ

ఇటలీ వాయవ్యాన పీడ్‌మాంట్ ప్రాంతంలో, లాంగే కొండల మీద పండే నల్లద్రాక్ష నెబ్బియోలో. ఆల్బా పట్టణానికి దగ్గర్లోని 11 ఊళ్లలో ఈ ద్రాక్షతో తీసే వైన్‌ పేరు బారోలో. 1266 నాటి పత్రంలోనే నెబ్బియోలో ప్రస్తావన ఉంది. 1431లో లా మొర్రా గ్రామ శాసనాలు ఈ తీగను నరికినవారికి శిక్ష విధించాయి. ద్రాక్ష అంత పాతదే కానీ, ఈనాడు బారోలో అనగానే గుర్తొచ్చే రుచి మాత్రం రెండు శతాబ్దాల లోపుదే.

గ్లాసులో పోసిన బారోలో ముందు కంటిని మోసం చేస్తుంది. రంగు పలచన. గ్లాసు వంచితే అంచున ఇటుక రంగు తేలుతుంది. వాసనలో గులాబీ ఉంటుంది, దాని వెంటే తారు కూడా. ఈ మాత్రం రంగుకు ఏముంటుందిలే అనుకుని గుక్క వేస్తే వగరు చిగుళ్లను పట్టేస్తుంది, పులుపుకు నోరూరుతుంది. ఆ వగరు తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్లనే పదార్థాలది. బారోలోలోనే గంటలకొద్దీ ఉడికించిన గొడ్డుమాంసంతో కలిపి తీసుకుంటే అది చాలావరకు అణుగుతుంది.

1787లో ట్యూరిన్ వచ్చిన అమెరికా నేత థామస్ జెఫర్సన్ రుచి చూసిన నెబ్బియోలో వేరు. మడీరా తీపి, బోర్డో వగరు, షాంపేన్ చురుకు మూడూ అందులో ఉన్నాయని ఆయన రాసుకున్నాడు. నెబ్బియోలో ఆలస్యంగా, అక్టోబరులో కోతకొస్తుంది. రసం పులుస్తుండగానే చలి ముదిరి ఈస్ట్ పని ఆగిపోయేది, చక్కెర కొంత మిగిలిపోయేది. వసంతంలో అదే మళ్లీ పులిసి బుడగలు లేచేవి.

ఈ తీపి 19వ శతాబ్దిలో పోయింది. బారోలో ఎస్టేటు యజమానురాలు జూలియా ఫల్లెట్టి, గ్రిన్జానే ఊరికి మేయరుగా ఉన్న కావూర్ తమ నేలమాళిగలను బాగుచేయించారు. కావూర్ తర్వాతి కాలంలో ఐక్య ఇటలీకి తొలి ప్రధాని అయ్యాడు. చక్కెరంతా పులిసేదాకా ఉంచి వైన్ తీసే పద్ధతి నేర్పింది ఫ్రెంచివాడైన లూయీ ఊదార్ అని చాలాకాలం చెప్పుకున్నారు. 1830లలో కావూర్ దగ్గర పనిచేసిన స్టాల్యేనోకే ఆ ఘనత దక్కాలని ఇటీవలి పరిశోధకుల వాదన. 1835లో ఈ విషయం మీద పుస్తకం రాసినవాడు కాబట్టి ఆయన వైపే మొగ్గు ఎక్కువ.

ఆ తర్వాత వారాల తరబడి తొక్కలతో నానబెట్టడం, పెద్ద ఓక్ పీపాల్లో ఏళ్లకొద్దీ ఉంచడం ఆనవాయితీ అయింది. కష్టానికి తగ్గ ధర రాలేదు. 1986లో చవక వైన్‌లో మిథనాల్ కలిపిన కల్తీకి 20 మందికి పైగా చనిపోవడంతో ఇటలీ వైన్ పరువే పోయింది. ఆ దశకంలోనే ఎలియో ఆల్తారే అనే బారోలో తయారీదారు తన తండ్రి వాడిన పెద్ద పీపాలను రంపంతో కోసేశాడు. అతని తరం నానబెట్టే కాలాన్ని రోజులకు తగ్గించి, వైన్‌ను 225 లీటర్ల ఫ్రెంచి పీపాల్లోకి మార్చింది. రంగు చిక్కబడింది, వెనిల్లా వాసన చేరింది, అమెరికాలో గిరాకీ పెరిగింది. బార్తోలో మస్కరెల్లో వంటి పాతతరం తయారీదారులకిది గిట్టలేదు. చిన్న పీపాలూ వద్దు, రాజకీయ నాయకుడు బెర్లుస్కోనీ కూడా వద్దు అని ఆయన సీసా లేబుల్ మీదే రాసి అమ్మాడు.

ప్రస్తుత నిబంధనల ప్రకారం బారోలో 38 నెలలు మాగాలి, అందులో 18 నెలలు చెక్కపీపాలో ఉండాలి. పీపా ఎంత పెద్దదై ఉండాలో నిబంధన చెప్పదు. ఇప్పుడు చాలామంది పెద్ద పీపాలకే తిరిగి వచ్చినా, నానబెట్టడం మాత్రం తాతల కాలమంత సాగదీయడం లేదు.