గోందర్ సోమవారాలు

ఆ పుల్లలు కాస్త ఎగదొయ్యరా చిన్నోడా, మంట కూలబడుతోంది. అమ్మలూ, నువ్విటు జరుగు, పొగంతా నీ మొహానికే కొడుతోంది. ఏమడిగావు? ఆఫ్రికాలో ఎనిమిదేళ్లు ఏం చేశావు తాతయ్యా అనేగా! వారమంతా పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాణ్ని, శని ఆదివారాలు వాళ్ల దేశం తిరిగేవాణ్ని. బతుకుదెరువు మొదటిదే. కానీ రెండోది లేకపోతే మొదటిది సాగేది కాదు. అదెలాగో చెబుతాను, వినండి.

ఇథియోపియాకు అప్పుడు హైలే సెలాసీ చక్రవర్తి. ఊరూరా బళ్లు తెరుస్తున్నారు, చెప్పేవాళ్లు చాలడం లేదు. పైగా అక్కడ ఏడో తరగతి నుంచి లెక్కలూ సైన్సూ చరిత్రా అన్నీ ఇంగ్లీషులోనే. అప్పటిదాకా వాళ్ల భాష అమ్హారిక్‌లో చదివిన పిల్లవాడికి ఒక్కసారిగా లెక్కల అయ్యవారి మాట కూడా అర్థం కాదు. అందుకని మన దేశం నుంచి వేలమంది అయ్యవార్లను తీసుకెళ్లారు. మలయాళీలు ఎక్కువ. ఎంత మారుమూల ఊరికి పోయినా అక్కడో కేరళ మేష్టారు ఉండేవాడు. మన తెలుగువాళ్లమూ కొందరం ఉన్నాం. నాకు మద్రాసులో ఇంటర్వ్యూ అయింది. ఆఫ్రికా అనగానే మా అమ్మ సింహాలూ ఏనుగులూ అని ఏడుపు లంకించుకుంది. జీతం మాట విన్నాక మా నాన్న ఆవిణ్ని సముదాయించాడు.

1968 సెప్టెంబరు చివర బొంబాయిలో విమానం ఎక్కాను. దిగేసరికి అక్కడ 1961! నవ్వకండర్రా, నిజమే. వాళ్ల పంచాంగం మన ఇంగ్లీషు క్యాలెండరు కంటే ఏడెనిమిదేళ్లు వెనక నడుస్తుంది. సెప్టెంబరు 11న వాళ్ల ఉగాది. ముప్ఫయ్యేసి రోజుల నెలలు పన్నెండు, చివర అయిదారు రోజుల బుల్లి నెల ఒకటి, మొత్తం పదమూడు. జీతం మాత్రం పన్నెండు నెలలకే!

నన్ను గోందర్ అనే ఊరికి వేశారు. అడిస్ అబాబా నుంచి ఉత్తరంగా 700 కిలోమీటర్ల పైన. బస్సులో రెండు రోజులు. చీకటి పడితే బస్సు నడిపేవారు కాదు, ఏదో ఊళ్లో ఆపేసి తెల్లవారుజామున మళ్లీ కదిలించేవారు. దారిలో నీలి నైలు నది లోయ వస్తుంది. కిలోమీటరుకు పైగా లోతు. మెలికల మీద మెలికలు తిరుగుతూ బస్సు కిందికి దిగుతుంటే పక్కన కూర్చున్న ముసలాయన శిలువ గుర్తు వేసుకుంటున్నాడు, నేను ఆంజనేయ దండకం చదువుకుంటున్నాను. అడుగున వంతెన దాటి, మళ్లీ అంత ఎత్తూ ఎక్కింది. ఊపిరి పీల్చుకుని ఆయన నాకో రొట్టె ముక్క ఇచ్చాడు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఆ మిగతా దారంతా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

గోందర్ రెండు వేల మీటర్లకు పైన కొండల మధ్య ఊరు. 1630ల్లో ఫాసిలిదెస్ అనే రాజు దాన్ని రాజధాని చేసుకున్నాడు. ఊరి నడిబొడ్డున ఒకదాని పక్కన ఒకటిగా రాతి కోటలు, గుండ్రటి బురుజులు. ఆ కట్టడంలో మన హిందూ శిల్పుల ఛాయలూ అరబ్బుల ఛాయలూ ఉన్నాయంటారు. ఆ కోటల పక్కనే ఇటలీ వాళ్లు కట్టిన పోస్టాఫీసూ సినిమా హాలూ. 1936లో ముస్సోలినీ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించింది. అయిదేళ్లకు తరిమేశారు. ఆ సైన్యం చిట్టచివర చేతులెత్తేసింది గోందర్‌లోనే, 1941 నవంబరులో. ఇటలీ వాడు పోయాడు గానీ వాడి మకరోనీ పోలేదు, హోటళ్లలో దొరికేది.

నా సంగతి చెబుతున్నాను కదూ. తరగతికి అరవైమంది. వాళ్లకు ఇంటిపేర్లు ఉండవు, ఎవరి పేరు పక్కన వాళ్ల నాన్న పేరు. హాజరుపట్టీ చదివితే ఊళ్లో నాన్నలందరి పేర్లూ తెలిసిపోయేవి. చేతికిచ్చిన పుస్తకంలో పాఠాలేమో లండన్ బస్సులూ, మంచు బొమ్మలూ, సముద్రపు ఒడ్డున పిక్నిక్కులూ. గోందర్ పిల్లలు సముద్రం చూళ్లేదు, మంచు బొమ్మ ఎరగరు. నేను చదివితే నా వెనక బ్రహ్మాండంగా చదివేవారు. పుస్తకం మూసి 'మీరు పొద్దున ఏం తిన్నారు?' అంటే అరవై నోళ్లూ మూతపడేవి.

నా పక్క తరగతిలో ఓ అమెరికా కుర్రాడు చెప్పేవాడు. 1962 నుంచీ పీస్ కోర్ అని అమెరికా వాళ్లు అలా పిల్లల్ని పంపిస్తుండేవారు. మంచివాడు, ఊరికే తల పట్టుకునేవాడు. 'వీళ్లు వాక్యాన్ని ఎందుకిలా తిరగేస్తారో అంతుపట్టడం లేదు' అనేవాడు. నాకు బాగా అంతుపట్టింది. అమ్హారిక్‌లో కూడా మనలాగే క్రియ చివర్న వస్తుంది. 'కోతులు గడ్డి తింటాయి' అని మనం ఏ వరసలో అంటామో వాళ్లదీ అదే వరస. మా కొల్లూరు బళ్లో నేను 'ఐ స్కూల్ టు గో' అంటే మా అయ్యవారు తొడపాశం పెట్టారు. వాళ్ల లిపి కూడా గుణింతమే. 33 అక్షరాలు, ఒక్కొక్కదానికి ఏడేసి రూపాలు. నేను రాత్రిళ్లు లాంతరు ముందు కూర్చుని ఆ గుణింతం దిద్దుకునేవాణ్ని. చదవడం వచ్చింది గానీ కొన్ని శబ్దాలు గొంతులో గుటక్కున విరిచి పలకాలి, అవి మాత్రం నాకు పట్టుబడలేదు. నేను పలికితే పిల్లలు బల్లలు చరిచి నవ్వేవారు. 'దిస్' అనేది వాళ్ల నోట 'జిస్' అయ్యేది, నా నోట ద కారమే. ఆ అమెరికా వాడొక్కడే మమ్మల్నందర్నీ జాలిగా చూసేవాడు.

శనివారం వస్తే నాకు ఇంట్లో తోచేది కాదు. పెళ్లి కాలేదు, వంట రాదు. జోళ్లేసుకుని బయల్దేరేవాణ్ని. మొదట ఊళ్లోవే. దెబ్రె బెర్హాన్ సెలాసీ అని ఓ చర్చి ఉంది. కప్పు నిండా రెక్కలున్న దేవదూతల మొహాలు, వరసలు వరసలు. అన్నీ పెద్ద పెద్ద కళ్లతో నిన్నే చూస్తుంటాయి. సోమవారం తరగతిలో ఆ సంగతి చెప్పి, ఆ చుట్టుపక్కల చర్చిలన్నీ తగలబడితే ఇదొక్కటీ ఎలా మిగిలిందని మాటవరసకు అడిగాను. వెనక బల్లలోంచి ఓ పిల్ల లేచింది. 1880ల్లో సూడాన్ నుంచి మహ్దీ సైన్యం వచ్చి ఊరంతా తగలబెట్టిందట. ఈ చర్చి దగ్గరికి వచ్చేసరికి తేనెటీగల దండు లేచి సైనికుల మీద పడిందట. ఇదంతా ఆ పిల్ల ఇంగ్లీషులోనే చెప్పింది! కర్త ఓ చోట, క్రియ ఓ చోట, భూతకాలం అస్సలు లేదు. అయినా తేనెటీగలు మాత్రం మా చెవుల్లో రొద పెట్టాయి. మధ్యలో ఇంకొకడు లేచి కాదు కాదు అలా కాదు అన్నాడు, వాడూ ఇంగ్లీషులోనే. గంట కొట్టినా తగువు తెగలేదు.

అప్పుడు నాకు తెలిసొచ్చింది. మాట పుట్టాలంటే చెప్పేవాడి దగ్గర ఓ సంగతి ఉండాలి, వినేవాడికది తెలియకుండా ఉండాలి. 'ఇది బల్ల, అది కుర్చీ' అని అయ్యవారికి చెప్పడమెందుకు, ఆయనకు కళ్లు లేవా? వాళ్ల దేశం గురించి నాకేమీ తెలియదు. అదే నాకున్న పెద్ద పెట్టుబడి. ఇక ఆనాటి నుంచి మాకో ఏర్పాటు. శనాదివారాల్లో నేనో చోటు చూసి రావాలి. సోమవారం నేను చూసింది చెప్పి, అర్థం కానిది అడగాలి. వాళ్లు చెప్పాలి. చెబుతున్నంతసేపూ తప్పు దిద్దను. వాళ్లు చెప్పిన వాక్యాలు నల్లబల్ల మీద రాసి, మంగళవారం అందరం కలిసి బాగుచేస్తాం. అదే మాకు వాచకం.

దానికోసమని ఎన్ని చోట్ల తిరిగానో! ఉత్తరాన సిమియెన్ కొండలున్నాయి, దెబర్క్ మీదుగా పోవాలి. అక్కడ గెలాదా అని ఓ రకం కోతులు, రొమ్ము మీద ఎర్రటి మచ్చ, మగవాటికి సింహం జూలు. వందలకొద్దీ గుంపు కూర్చుని గడ్డి పీక్కుని తింటాయి. సోమవారం ఆ మాట ఎత్తగానే, అప్పటిదాకా హాజరు పలకడం తప్ప నోరు విప్పని కుర్రాడు ఒకడు లేచాడు. వాడిది ఆ కొండల్లోని పల్లె. మరో ముగ్గురితో కలిసి ఊళ్లో గది అద్దెకు తీసుకుని, ఇంటి నుంచి ఎండబెట్టిన ఇంజెరా అట్లు మూట కట్టుకొచ్చి, అది నానబెట్టుకు తింటూ చదువుకుంటున్నాడు. 'ద మంకీస్ గ్రాస్ ఈట్' అని మొదలుపెట్టి, రాత్రి పడితే అవి కొండ అంచున రాతి గట్ల మీదకు దిగి పడుకుంటాయనీ, చిరుత రాకుండా అదే వాటి ఉపాయమనీ, పొద్దున్నే ఎండ కాచుకోవడానికి పైకొస్తాయనీ పూసగుచ్చినట్టు చెప్పాడు. ఊరి పిల్లలకీ అది తెలియదు, నోళ్లు తెరుచుకు విన్నారు. ఆ మర్నాటి నుంచి వాడు ముందు బల్లకు వచ్చి కూర్చున్నాడు.

దక్షిణాన తానా సరస్సు. దాని మీద జమ్ము కట్టలు కట్టిన తేలిక పడవలు, తంక్వా అంటారు. దీవుల మీద మఠాలు, వాటిలో మేక తోలు పుటల మీద రంగుల బొమ్మలు వేసిన పాత పుస్తకాలు. కొన్ని దీవులకు ఆడవాళ్లను రానివ్వరు. ఎందుకు రానివ్వరని అడిగిన సోమవారం, మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య జరిగిన వాదన చూడాలి! నేను రెండు నెలలు కుస్తీ పట్టినా రాని 'బికాజ్', 'బట్' ఆ ఒక్క గంటలో వచ్చేశాయి. ఆ సరస్సులోంచే నీలి నైలు బయల్దేరుతుంది. కాస్త దిగువన తిస్ ఇస్సాత్ జలపాతం. వానల తర్వాత దాదాపు 400 మీటర్ల వెడల్పున ఒక్కసారే దూకేది. చాలా దూరం నుంచే తుంపర పొగలా కనిపించేది, దగ్గరికి వెళితే చొక్కా తడిసి ముద్ద.

పెద్ద సెలవులకు లాలిబెలా వెళ్లాను, చిన్న డకోటా విమానంలో. 11 చర్చిలు, అన్నీ కొండరాతిని తొలిచినవే, కొన్నింటిని పైనుంచి కిందికి. ఒకటి నేలలో దిగేసిన శిలువలా ఉంటుంది, అంచున నిలబడి కిందికి చూడాలి. తిరిగొచ్చాక నేను మన ఎల్లోరా కైలాసం బొమ్మ వేసి, ఇదీ పైనుంచే తొలిచారు అన్నాను. ఆ రోజు ప్రశ్నలన్నీ వాళ్లవి, జవాబులు నావి. రాయి మధ్యలో పగిలితే ఏం చేశారు? తవ్విన మట్టి ఎక్కడ పోశారు? ఎవడి పేరు చెక్కారు? సగానికి నా దగ్గర జవాబు లేదు.

తిండా? తిండికేం లోటు లేదు. తెఫ్ అనే సన్నటి గింజ పిండి రెండు మూడు రోజులు పులియబెట్టి, పెద్ద పెనం మీద పోస్తే వచ్చేదే ఇంజెరా, మనం చాపంత అట్టు వేసుకుంటే ఎలా ఉంటుందో అలా. బుధ శుక్రవారాలు, ఈస్టరు పండగ ముందు 55 రోజులు వాళ్లు మాంసం, గుడ్డు, పాలు ఏవీ ముట్టరు. నీచు తినని నాకు ఆ ఉపవాసాలే విందులు. శనగపిండితో షిరో అని ఉడికిస్తారు, మన గుంటూరు కారానికి ఏమీ తీసిపోదు. పిల్లల ఇళ్లకు వెళితే తల్లి ముద్ద చుట్టి నా నోట్లో పెట్టేది, అది వాళ్ల మర్యాద. తర్వాత కాఫీ. నేల మీద పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణి వేసి, పచ్చి గింజలు మన కళ్ల ముందే వేయించి, ఆ పొగ అందరికీ వాసన చూపించి, నల్లటి మట్టి కూజాలో కాస్తారు. మూడు విడతలు తాగాలి, మూడోది తాగకుండా లేవకూడదు. ఆ మూడు విడతల్లో పిల్లవాడు నాకూ తల్లికీ మధ్య కూర్చుని ఇటుదటూ అటుదిటూ చెప్పేవాడు. అదీ ఇంగ్లీషు పాఠమే, పైగా తల్లి ముందు మార్కులు.

ఆ తర్వాత రోజులు మారాయి. 1973లో వొల్లో అనే ప్రాంతంలో కరువొచ్చి లక్షలమంది అల్లాడుతుంటే దర్బారు కప్పిపుచ్చింది. మరుసటి ఏడాది అయ్యవార్లు, విద్యార్థులు, టాక్సీ డ్రైవర్లు, సైనికులు అందరూ వీధుల్లోకి వచ్చారు. సెప్టెంబరు 12న చక్రవర్తిని దించేసి, రాజభవనం నుంచి చిన్న వోక్స్‌వ్యాగన్ కారు వెనక సీట్లో ఎక్కించుకుపోయారు. కొత్త ప్రభుత్వం పై తరగతుల పిల్లల్నీ యూనివర్సిటీ వాళ్లనీ 50,000 మందికి పైగా పల్లెలకు పంపింది, రైతులకు అక్షరాలు నేర్పమని. నా పదకొండో తరగతి ఖాళీ అయింది. పోయేముందు ఓ పిల్లవాడు వచ్చి అడిగాడు, 'సార్, ముసలివాళ్లకు చదువు ఎలా చెప్పాలి?' అని. 'ముందు వాళ్ల పొలం గురించి నీకు తెలియనిది అడుగు' అన్నాను. 1976లో నేను వచ్చేశాను. తర్వాత అక్కడ పారిన రక్తం సంగతి పెద్దయ్యాక చదువుకోండి, పండగపూట వద్దు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. మొన్నామధ్య విశాఖపట్నం వెళ్లినప్పుడు, ఆంధ్రా యూనివర్సిటీ దగ్గర ఓ ఇథియోపియా అమ్మాయి కనిపించింది. అక్కడ ఏటా చాలామంది చదువుతుంటారు. నాకొచ్చిన నాలుగు అమ్హారిక్ ముక్కలతో పలకరించేసరికి ఆశ్చర్యపోయింది. వాళ్ల నాన్నకు కూడా ఇండియా మేష్టారే చెప్పాడట. నేను ఉత్సాహం కొద్దీ తిస్ ఇస్సాత్ వర్ణించడం మొదలుపెట్టాను. ఆ పిల్ల మర్యాదగా అడ్డుకుంది. 'అలా లేదిప్పుడు తాతగారూ, కరెంటు కోసం నీళ్లు మళ్లించారు, వానాకాలంలో తప్ప ఆ ధార ఉండదు' అని మొదలుపెట్టి, ఏ గేటు ఎక్కడ ఉందో, ఏ నెలలో వెళితే చూడొచ్చో చక్కటి ఇంగ్లీషులో చెప్పుకొచ్చింది. నాకు తెలియని సంగతి కదా! అడిగాను, చెప్పింది. ఇంకా అడిగాను, ఇంకా చెప్పింది. మీ మామ్మ ఆటో మాట్లాడి పిలిచేదాకా నేను అడుగుతూనే ఉన్నాను.