కందకుటుంబము - నడిగూడెపు సంకల్పము

కందకు లేని దురద కత్తిపీటకేల యను సామెత యెరుగని తెలుగిల్లు లేదు. ఆ దురద యేల కలుగునో యెరిగిన యిండ్లు మాత్రము కొలదియే. చేయి నిత్యమును ముట్టుదానిని బుద్ధి యెరుగకుండుట మన విద్యలోని పెద్ద కొరత. ఈ కొరతను దీర్పబూనిన వారి చరిత్రలో నడిగూడెమునకు ముఖ్యస్థానము గలదు.

నేడు సూర్యాపేట జిల్లాలో నున్న యీ గ్రామము మునగాల జమీందారులగు రాజా నాయని వెంకటరంగారావుగారి నివాసస్థానము. నైజాము సీమ నడుమ నుండియు మదరాసు రాజధానికి చేరిన యా పరగణాకు కొమర్రాజు లక్ష్మణరావుగారు దివానుగా నుండిరి. రాజావారి యండతో వారును మిత్రులును 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పిరి. చరిత్రలతోపాటు ప్రకృతిశాస్త్రములును తెలుగున వెలువడవలె నన్నది వారి సంకల్పము. ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రమును, వేరొక వృక్షశాస్త్రమును ఆ మండలి ప్రచురించినవే.

ఇట్టి ప్రయత్న మేల యవసరమయ్యెనో కంద చరిత్రయే చెప్పును. విలియం రాక్సుబరో అను వైద్యుడు 1781 మొదలు 1793 వరకు సామర్లకోటలో నుండి, మన చేలలోని మొక్కలను పరిశీలించి, దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. ఆ బొమ్మలతో గూడిన కోరమాండలుతీరపు మొక్కల గ్రంథము 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా లండనులో వెలువడెను. మన కంద యందు లాటిను పేరుతో చేరినది. రాక్సుబరో తెలుగు పేర్లను గూడ వ్రాసియుంచెను. కాని యా పేర్లు చెప్పిన రైతునకు గాని, బొమ్మ వ్రాసిన చిత్రకారునకు గాని యా గ్రంథము చదువ శక్యము గాదు. మన నేలనుండి పోయిన జ్ఞానము మన భాషలో తిరిగి రాలేదు.

ఇక నీ కుటుంబ లక్షణమును జూతము. దీని పూవు నిజమునకు ఒక పూవు గాదు. లావైన కాడ చుట్టును చిన్నపూవు లనేకములు క్రిక్కిరిసి యుండును. దానిని దొప్పవంటి యొక పెద్ద రేకు చుట్టియుండును. కందలో అడుగున ఆడుపూవులు, వానిపై మగపూవులు. పూచినపుడు కుళ్లిన మాంసపు వాసన వెడలి, పురుగుల నాకర్షించును. ఆ పురుగులే పుప్పొడిని మోసికొనిపోవును. చామ, గజపిప్పలి, చెరువులలో తేలు అంతరతామర యీ కుటుంబములోనివే. వసను గూడ పూర్వము దీనిలోనే చేర్చిరి. ఇరువదవ శతాబ్ది చివర జన్యుపరిశోధనలు దానిని వేరు కుటుంబముగా నిలిపినవి. శాస్త్రము తన మాటను తానే దిద్దుకొనుటకు వెనుదీయదు.

దురదకు కారణము మొక్క కణములలోని సూక్ష్మమైన సూదులు. సున్నపుధాతువు ఆక్జాలికామ్లముతో కలిసి యివి యేర్పడును. కోసినపుడు వెలువడి చర్మమున గ్రుచ్చుకొనును. చేతికి నూనె రాచుకొని కోయుట, చింతపండు పులుసుతో బాగుగ నుడికించుట మన స్త్రీలు తరతరములుగా నెరిగిన యుపాయములు. సూరణమునకు అర్శోఘ్నమని పేరిడిన సంస్కృతవైద్యులకు దాని గుణమును గూర్చి యొక విశ్వాసము గలదు. అనుభవము పేరు నిచ్చినది; కారణమును శాస్త్ర మిచ్చినది. రెండును ఒకే పుస్తకమున నుండదగినవి.

ఇది వట్టి పాండిత్యము గాదు. నేడు వసారాలలో అందమునకై పెంచు మనీప్లాంటును, మచ్చల యాకుల డీఫెన్‌బాకియాయు నీ కుటుంబములోనివే. వానిలోను అవే సూదులు గలవు. శిశువు ఆకు నమిలినచో నోరు, నాలుక వాచును. కందను జాగ్రత్తతో కోయు తల్లియే దాని చుట్టమును ఉయ్యాల ప్రక్కన నుంచుచున్నది. కుటుంబమును దెలిసినచో నట్లు చేయదు.

లక్ష్మణరావుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును గూడ ఆరంభించిరి. 1923లో వారు మరణించునాటికి వెలువడిన సంపుటములు అకారమును దాటలేదు. కకారము రాలేదు, కంద రాలేదు. పెద్ద గ్రంథములకై వేచియుండ నక్కరలేదు. ఉపాధ్యాయులు బాలురను పెరడునకు గొనిపోయి యొక చామమొక్కను చూపి, దాని యూరిపేరును శాస్త్రనామమును ప్రక్కప్రక్కన వ్రాయింతురుగాక. గృహిణులు తమ యెరుకను వారికి జెప్పుదురుగాక. నడిగూడెమున మొలకెత్తిన సంకల్పము కొనసాగుటకు మాకు తోచిన దారి యిదియే.