మాటలది ఒక దారి, వరసది ఒక దారి

స్టాన్లీ కుబ్రిక్ ‘ది షైనింగ్’ (1980) మొదట్లో, కొండదారిలో పసుప్పచ్చ కారు పోతుంటే వెనక సింథసైజర్ మీద బరువుగా ఒక వరస వస్తుంది. దాని వయసు ఏడొందల ఏళ్ల పైమాటే. పేరు ‘డియెస్ ఈరే’. తెలుగు బైబిల్ చదివినవాళ్లకి జెఫన్యా గ్రంథంలోని ‘ఉగ్రత దినము’ గుర్తొస్తుంది. లాటిన్ పేరుకి అర్థం అదే, పాటకి మూలం కూడా అక్కడే ఉంది.

13వ శతాబ్దంలో ఫ్రాన్సిస్ ఆఫ్ అసీసీ జీవితచరిత్ర రాసిన థామస్ ఆఫ్ చెలానో దీన్ని రాశాడంటారు కానీ గట్టి రుజువు లేదు. చనిపోయినవాళ్ల కోసం చేసే పూజలో పాడేవారు. మూడేసి పాదాలకి ఒకే అంత్యప్రాస. వరస మన స్వరాల్లో చెప్పాలంటే మొదటి పాదం గ రి గ స, రి ని స స (ఆ ‘ని’ మంద్రంలోది). మెట్లు ఖరహరప్రియవే. గమకాలు లేవు గనక రాగం దాకా పోలిక లాగొద్దు. తాళం లేదు, వాద్యం లేదు, అందరిదీ ఒకే వరస. పైకి లేవబోయి మళ్లీ షడ్జమం దగ్గరికే జారిపోతుంది. నా చెవికి మాత్రం ఇది అలిసిపోయిన మనిషి తనలో తాను గొణుక్కుంటున్నట్టు ఉంటుంది.

మాటలూ అంతే. మొదటి ఆరు చరణాల్లో లోకం బూడిదవడం, బాకా మోగడం, లెక్కల పుస్తకం తెరవడం. (సాక్ష్యానికి దావీదు పక్కనే సిబిల్లా అనే అన్యమత జోస్యురాలిని నిలబెట్టాడు కవి. ఆ కాలానికి అదేం వింత కాదు.) ఏడో చరణంలో ‘నేను’ వచ్చేస్తుంది. ఇక తీర్పు సంగతి వెనక్కిపోతుంది, మిగిలేది బతిమాలుకోవడమే: మగ్దలేనే మరియనీ, సిలువ మీది దొంగనీ కరుణించినవాడు నాకూ ఆశ ఇచ్చాడు కదా అని.

ట్రెంట్ మహాసభ తర్వాత, 1570 నాటి పూజా గ్రంథంలో ఈ కోవ పాటలు నాలుగే మిగిలాయి. వాటిలో ఇదొకటి. అసలు కథ తర్వాతిది. మొజార్ట్ (1791), వెర్డీ (1874) మాటలు తీసుకుని పాత వరసని వదిలేశారు. వెర్డీ అయితే పెద్ద డోలుతో గుండెలు అదరగొట్టాడు. బెర్లియోజ్ 1830లో ‘సింఫనీ ఫాంటాస్టిక్’ చివరి భాగంలో, గంటలు మోగుతుండగా, మాటలు లేని వరసని మంత్రగత్తెల జాతరలోకి దింపాడు. కాసేపటికి అది గెంతులేసే చిందుపాట అయిపోతుంది. తర్వాత లిస్ట్, రహ్మానినోవ్, సినిమావాళ్లు అందరూ ఆ దారే పట్టారు. దెయ్యం గుర్తుగా మనకి తెలిసిన వరస అలా తయారైంది. బతిమాలుకునే ‘నేను’ అందులో లేడు.

రెండో వాటికన్ మహాసభ తర్వాతి సంస్కరణల్లో దీన్ని మృతుల పూజలోంచి తీసేశారు. భయం కంటే పునరుత్థానం మీది ఆశ ముందుండాలన్నది వాళ్ల వాదన. సబబే. కానీ ఆశ గురించిన చరణాలు కూడా దాంతోపాటే పోయాయి. ఇప్పుడు పాత లాటిన్ పూజలు జరిగే చోట్ల పాడుతున్నారు. కొత్త ప్రార్థనా గ్రంథంలో, ఆగమన కాలానికి ముందు వారంలో, కావాలనుకున్నవాళ్లు పాడుకోడానికి మూడు ముక్కలుగా విడగొట్టి ఉంచారు.